ఫెటిల్ అంటే ఏమిటి మావయ్యా

జూన్ 3

మావయ్యా,

మన తెలుగు వినిపించని ఈ ఊరికి క్షేమంగా చేరాను. గది కూడా దొరికింది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనిపించదు గాని, పొద్దున్నే ఆ గోడ మీద చక్కటి ఎండ పడుతుంది. అమ్మ అడుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను: తలుపు గడియ గట్టిదే, ఇంటావిడ మంచిదే, నేను వేళకి తింటున్నాను.

ఇక అసలు సంగతి. ఈ పింగాణీ ఫ్యాక్టరీలో నన్ను కప్పుల మీద పూలూ తీగలూ వేసే గదిలోకి తీసుకుంటారనే కదా మనం అనుకున్నది! మూడేళ్లు కుంచె పట్టి నేర్చుకున్నదాన్ని. మొదటిరోజు మేనేజరుగారు చేతికిచ్చిన కాగితంలో ఇంగ్లీషులో ఇలా ఉంది: ‘మొదటి ఆరు నెలలు మీరు ఫెటిల్ చేయవలెను.’ ఆ మాట ఎప్పుడూ వినలేదు. అడిగితే చదువుకున్నదానికి ఇది కూడా తెలియదా అనుకుంటారేమోనని తలూపి గదికి వచ్చేశాను. వచ్చీరాగానే పెట్టెలోంచి నీ నిఘంటువు తీశాను.

ఫెటిల్, క్రియ: సంకెల వేయు, కాళ్లు బంధించు.

ఒట్టు, నీ పుస్తకంలో అలాగే ఉంది, రెండువందల పధ్నాలుగో పేజీ. ఎవరికి సంకెళ్లు వేయాలి మావయ్యా నేను? కప్పులకా?

మర్నాడు భయపడుతూనే వెళ్లాను. సంకెళ్లు లేవు. పొడుగాటి బల్ల ముందు పదిమంది ఆడవాళ్లు వరసగా కూచుని ఉన్నారు. చిన్న కత్తి, తడిసిన స్పాంజి ఇచ్చి నన్నూ కూచోబెట్టారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కత్తితోనే పని. మెడ పట్టేసింది. కుంచె మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఈ మాటకి సరైన అర్థం ఏమిటో వెంటనే రాయి.

నీ మేనకోడలు

---

జూన్ 11

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి భూతద్దంతో నిఘంటువు చదివాను. నువ్వు చెప్పింది నిజమే. నా పుస్తకంలో తప్పు! పదకొండేళ్లు రాత్రనక పగలనక కష్టపడి ముప్ఫై వేల మాటలకి అర్థాలు రాస్తే, నా సొంత మేనకోడలికి అక్కరకొచ్చిన ఒక్క మాటా తప్పు!

ఎవరి నిర్వాకమో నాకు అర్థమైపోయింది. ‘ఫెటర్’ అంటే సంకెల. దాని కిందనే ‘ఫెటిల్’. పై మాట అర్థం కింది మాటకి జారింది. జారకుండా చూడాల్సిన మనిషి ప్రూఫులు దిద్దే కామా. నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, బక్కపలచగా, చెవి మీద ఎర్ర పెన్సిలు పెట్టుకుని ప్రెస్సులో తిరిగేవాడు. ఒక కామా తగ్గిందని మనిషి వెనకాల మెట్లు దిగి వీధి చివరిదాకా వచ్చేవాడు, అందుకే ఆ పేరు. నేను మాటల అర్థాలు రాసిన కార్డుల మీద ప్రశ్నార్థకాలు పెట్టి పెట్టి ప్రాణం తోడేస్తున్నాడని ప్రొప్రయిటరుతో చెబితే, ఆయన అతన్ని నిఘంటువు పనిలోంచి తీసి రైళ్ల టైంటేబుళ్లు దిద్దే పనిలో వేశాడు. అప్పట్నుంచీ మాకు మాటల్లేవు. పోతూ పోతూ ఈ తప్పు వదిలి పోయాడన్నమాట.

రెండో ముద్రణ జరుగుతోంది. ఇప్పుడు ‘డి’ అక్షరం దగ్గర ఉన్నారు. ‘ఎఫ్’ వచ్చేలోపు దిద్దాలి. అందుచేత ఆ గదిలో నువ్వు ఏమేం చేస్తున్నావో, చెయ్యి ఎలా ఆడుతుందో, ఎవరు ఆ మాట ఎలా వాడుతున్నారో వివరంగా రాయి. నా దగ్గరున్న రెండు పుస్తకాల్లోనూ ఈ మాటే లేదు.

మీ అమ్మ సంగతి. నీ ఉత్తరం పైకి చదివి వినిపించడం నా పొరపాటు. ‘సంకెళ్లు లేవు’ అన్నది తను వినలేదు, ‘సంకెళ్లు’ దగ్గరే ఆగిపోయింది. కుట్టుమిషను మీద చెయ్యి పెట్టుకుని కూచుని, “కత్తులిచ్చి కూచోబెడతారా అన్నయ్యా ఆడపిల్లని? అదేం ఫ్యాక్టరీ?” అని రోజుకి నాలుగుసార్లు అడుగుతోంది. బెంగపడకు. నేను ఒక చర్య తీసుకున్నాను. ఫలితం నీకే తెలుస్తుంది.

మావయ్య

---

జూన్ 19

మావయ్యా,

ఏం చర్య? దయచేసి ఏమీ చేయకు. చేసి ఉంటే వెనక్కి తీసుకో.

పని గురించి అడిగావు కదా, చెబుతాను. పల్చటి జావలాంటి మట్టిని రెండు చెక్కలుగా ఉన్న అచ్చులో పోస్తారు. ఆరాక అచ్చు విప్పితే కప్పు బయటికొస్తుంది గాని, రెండు చెక్కలూ కలిసిన చోట పైనుంచి కిందిదాకా సన్నటి గీత ఉబ్బి ఉంటుంది. ఆ గీతని కత్తితో తీసేసి, తడి స్పాంజితో నునుపు చేయాలి. కప్పు మరీ పచ్చిగా ఉంటే చేతిలోనే వంగిపోతుంది, మరీ ఎండితే పెళుసై అంచు ఊడుతుంది. ఆ మధ్యలో ఒక గంటో గంటన్నరో ఉంటుంది, అప్పుడే చేయాలి. ఇదీ ఇక్కడ ఫెటిల్ చేయడం అంటే.

ఊరికే పైపైన తుడిచేస్తే కుదరదు. మొదటి వారం నేను అలాగే చేశాను. చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. బట్టీలో కాల్చి తీస్తే నా కప్పులన్నిటి మీదా గీత మళ్లీ లేచింది! సూపర్వైజరమ్మ వాటిని నా ముందు వరసగా పెట్టి, “మట్టికి అన్నీ గుర్తుంటాయి, నువ్వేదో దాచిపెడదామనుకున్నావు” అంది. సిగ్గుతో చచ్చిపోయాను. కత్తి ఎంత లోతుకి పోవాలో, ఎక్కడ ఆగాలో పక్కన కూచుని మూడు రోజులు నేర్పింది.

ఆవిడకి అరవై ఏళ్లుంటాయి. వాళ్ల అమ్మమ్మ ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల నుంచి వచ్చిందట. “ఈ మాట ఫ్యాక్టరీది కాదు, మా అమ్మమ్మ వంటింటిది” అంటుంది. వంటిల్లు సర్దినా ఫెటిల్ చేయడమే, తెగిన చెప్పు కుట్టినా, గుర్రాన్ని తోమి మేత వేసినా ఫెటిల్ చేయడమే. వీధిలో ఎదురుపడి ‘ఎలా ఉన్నారు’ అనడానికి ‘ఎలా ఫెటిల్ చేస్తున్నారు’ అనేవాళ్లట. నువ్వు రాసుకుంటావని అన్నీ కాగితం మీద ఎక్కించాను.

ఒక సంగతి చెప్పనా? మెడనొప్పి తగ్గింది. నిన్న వంద కప్పులు చేశాను. కత్తి కింద ఆ గీత సన్నటి చుట్టలా లేచి రాలుతుంటే ఎంత బాగుంటుందో.

నీ మేనకోడలు

---

జూలై 1

మావయ్యా,

నీ చర్య ఫలితం తెలిసింది.

మేనేజరుగారు పిలిచి నీ ఉత్తరం చూపించారు. ‘మా మేనకోడలిని ఫెటిల్ చేయుట తక్షణం ఆపవలెను, ఆమె సుకుమారి’ అని మూడు పేజీలు రాశావు. నన్ను కత్తితో చెక్కి స్పాంజితో నునుపు చేయవద్దని దాని అర్థం! ఆయన నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సూపర్వైజరమ్మని కూడా పిలిచి చదివి వినిపించారు. ఆవిడ నవ్వలేదు. “నా వల్ల ఈ పిల్లకేమైనా కష్టం కలిగిందా?” అని అడిగింది. ఆ మాటకి నాకు నోట్లోంచి జవాబు రాలేదు. ఆయన దాన్ని ఇంకోలా తీసుకున్నారు. “సరే, గొడవెందుకు? రేపట్నుంచి బొమ్మల గదిలో కూచో” అన్నారు.

నేను కోరుకున్నదే కదా. వెళ్లి కూచున్నాను. పెద్ద కిటికీ, పక్కన రంగుల గిన్నెలు, చేతిలో సన్న కుంచె. మధ్యాహ్నం దాకా ఎవరూ నాతో మాట్లాడలేదు. భోజనాల వేళ తెలిసింది. ఆ కుర్చీ కోసం మా బల్ల మీద నా పక్కన కూచునే పొడుగమ్మాయి రెండేళ్లుగా ఎదురు చూస్తోంది. ఇంటి దగ్గర పాత పళ్లేల మీద రోజూ తీగలు వేసి వేసి చెరుపుకుంటుందట. ఆ కుర్చీ ఖాళీ అయిన వారానికే నీ ఉత్తరం వచ్చింది. ఆమె నా కత్తి కడిగి, తుడిచి, “నీది, అక్కడే మర్చిపోయావు” అని తెచ్చి ఇచ్చింది, అంతే.

మావయ్యా, నిన్ను అనకూడదు గాని, ఎవరిదో కుర్చీ లాగి నా కింద వేశావు. ఆ కుర్చీలో ఎలా కూచోను?

ఈసారికి సంతకం పెట్టను.

---

జూలై 10

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజునే నాకు ఇంకొకటి జరిగింది. రెండూ ఒకేసారి మీదపడ్డాయి. వరసగా చెబుతాను.

కామా తప్పుని రుజువు చేద్దామని ప్రెస్సు గోదాములోకి వెళ్లాను. పాత కార్డులు చెక్కపెట్టెల్లో అక్షరాల వరసన ఉన్నాయి. దుమ్ము కొట్టుకుంటూ, తుమ్ముకుంటూ ‘ఎఫ్’ పెట్టె లాగి కార్డు తీశాను. ‘ఫెటిల్: సంకెల వేయు, కాళ్లు బంధించు.’ ఆ రాత నాదే. నా నల్ల సిరా, నేను పొడుగ్గా తీసే కొమ్ములు. అర్థాలు జారలేదు, కంపోజిటర్ తప్పు చదవలేదు. ఆ మాట నాకు తెలియదు. పై మాటకి చెల్లెలిలా ఉందని ఊహించి రాసేశాను.

అంతటితో అయిపోలేదు. పక్కన ఎర్ర పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం. దాని కింద, ‘మూలం చూడగలరు.’ ఆ కింద మళ్లీ నా నల్ల సిరా: ‘చూడనక్కర్లేదు. సరిగానే ఉంది.’

అక్కడే ఒక బస్తా మీద కూచుండిపోయాను. ఇంటికి వస్తే బల్ల మీద నీ ఉత్తరం. ఎవరిదో కుర్చీ లాగావు అని. నీ కుర్చీ గురించే రాసినట్టు లేదమ్మా అది, కామా కుర్చీ గురించి కూడా రాసినట్టుంది.

మర్నాడు పొద్దున్నే అతనింటికి వెళ్లాను. సైకిళ్ల షాపు పైన రెండు గదులు, కూతురి దగ్గర ఉంటున్నాడు. చూపు బాగా తగ్గింది. నా అడుగుల చప్పుడుకే, “ఎవరూ, నిఘంటువా?” అన్నాడు.

“అవును. నేనో తప్పు చేశాను” అన్నాను.

“ఏ పేజీ?”

“రెండువందల పధ్నాలుగు.”

“రెండో కాలం, కిందనుంచి అయిదో మాట” అన్నాడు, తడుముకోకుండా. “అచ్చయిన రోజునే చూశాను.”

“అర్థం నీకు తెలుసా?”

“అప్పుడే తెలుసు. పెద్ద లైబ్రరీకి వెళ్లి చూసొచ్చాను.”

“మరి చెప్పొచ్చు కదయ్యా!”

“నువ్వు అడిగావా?”

కూతురు మంచినీళ్లు తెచ్చింది. తాగి, నేను ప్రొప్రయిటరుతో అన్నవన్నీ అతనితో చెప్పాను. అవి నావేనని అతనికి ఇన్నాళ్లూ తెలియదట. పని తెలియక తీసేశారనుకున్నాడట. అంత బాగా దిద్దే మనిషి తనకి పని రాదేమోనని అనుకుంటూ బతికాడమ్మా. కిటికీ వైపు తిరిగి అన్నాడు: “టైంటేబుళ్లూ మంచివేలే. ప్రశ్న వేస్తే రైళ్లకి కోపం రాదు.”

అప్పుడు ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను కళ్లు తుడుచుకున్నాను. అతనికి కనిపించి ఉండదు.

మేనేజరుగారికి ఇంకో ఉత్తరం రాస్తున్నాను. ఈసారి నాలుగే వాక్యాలు. పోస్టు చేయాలా వద్దా నువ్వే చెప్పు. నువ్వు చెప్పేదాకా పోస్టు డబ్బా దరిదాపులకి కూడా పోను.

మావయ్య

---

జూలై 18

మావయ్యా,

పోస్టు చేయనక్కర్లేదు. నేనే వెళ్లి చెప్పాను.

నీ ఉత్తరం రాకముందే వెళ్లాను. “మా మావయ్యకి ఆ మాటకి అర్థం తెలియదండీ, ఆయన పుస్తకంలో తప్పుంది, నన్నెవరూ ఏమీ అనలేదు. నా ఆరు నెలలు నన్ను చేసుకోనివ్వండి. ఆ కుర్చీ పొడుగమ్మాయిది” అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను, ఆగితే మళ్లీ నోరు పెగలదని. మేనేజరుగారు “నిఘంటువు రాసేవాళ్లకి కూడా తెలియని మాటలుంటాయా?” అన్నారు. ఉంటాయన్నాను. తప్పుగా అన్నానా?

పొడుగమ్మాయి వేసిన మొదటి కప్పు నిన్న చూశాను. మావయ్యా, నాకంటే ఎంతో బాగా వేస్తుంది! తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. నా వంతు వచ్చేలోపు తన దగ్గర నేర్చుకుందామనుకుంటున్నాను. సూపర్వైజరమ్మకి మాత్రం నేనే నోరు విప్పి క్షమాపణ చెప్పుకున్నాను. “ముందు ఆ కప్పు హ్యాండిలు తిన్నగా పట్టుకో” అంది. అంటే కోపం పోయినట్టే.

నీ ఉత్తరం మాత్రం భోజనాల వేళ మెట్ల మీద కూచుని చదివాను. కామాగారికి నా నమస్కారాలు చెప్పు. నీకూ చెబుతున్నాను. ఈసారి సంతకం ఉంది చూడు.

నీ మేనకోడలు

---

జూలై 29

అమ్మడూ,

ఇదుగో, రేపు ప్రెస్సుకి పోతున్న కార్డు. నేను రాశాను, కామా చదివించుకుని విన్నాడు, మూడుచోట్ల ప్రశ్నార్థకం పెట్టించాడు, మూడుచోట్లా అతనిదే ఒప్పు.

ఫెటిల్, క్రియ: సరిచేయు, చక్కబెట్టు, బాగుచేయు, అచ్చు పోసిన లోహపు లేక మట్టి వస్తువుల మీది గరుకులు తీసి తీర్చు.

పుట్టుక విను, చాలా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో ‘ఫెటెల్’ అంటే నడుముకి కట్టుకునే పట్టీ. దాని నుంచే ఈ క్రియ వచ్చి ఉండాలంటున్నారు పెద్దలు. పట్టీ బిగించుకోవడం అంటే పనికి సిద్ధం కావడం, తరవాత దేన్నయినా సిద్ధం చేయడం, ఆపైన సరిచేయడం. చదవగానే కామా తొడ చరిచి, “మనవాళ్లు నడుం కట్టడం అనేది ఇదే కదయ్యా!” అన్నాడు. ఎక్కడో సముద్రాల అవతల మనుషులు కూడా పనిలోకి దిగేముందు నడుమే బిగించుకున్నారు చూశావా! ‘ఫెటర్’ మాత్రం పాదానికి చెందిన మాట. ఒకటి కాళ్ల దగ్గర పుట్టింది, ఒకటి నడుం దగ్గర పుట్టింది. చుట్టరికం లేదు. నేనే బలవంతంగా కలిపాను.

మాట అరుదైపోయిందట. ఎక్కువమందికి తెలిసింది నామవాచకమే: మనిషి ‘మంచి ఫెటిల్‌లో ఉన్నాడు’ అంటే కులాసాగా, హుషారుగా ఉన్నాడని. ఆస్ట్రేలియాలో రైలు పట్టాలు బాగుచేసేవాళ్లని ఫెట్లర్లు అనేవారట. ఇది కామా చెప్పాడు. రైళ్ల విషయంలో ఇప్పుడు అతనితో వాదించలేను.

రోజూ పొద్దున్నే వస్తున్నాడు. నేను పైకి చదువుతాను, అతను వింటాడు. ‘జి’లో పడ్డాం. నా తప్పులు ఇంకో పదహారు దొరికాయి. ఇంత సంతోషంగా నేనెప్పుడూ తప్పులు లెక్కపెట్టుకోలేదు.

ఇంకో మాట. మీ అమ్మ మొన్న పొద్దున్న చీటీ రాసి పెట్టి రైలెక్కింది. ‘నా కళ్లతో చూస్తే గాని నమ్మను అన్నయ్యా, వంట నువ్వే చూసుకో’ అని రాసింది. ఈ ఉత్తరంకంటే ముందే నీ గది తలుపు కొట్టి ఉంటుంది. గడియ తియ్యి.

మావయ్య

---

ఆగస్టు 16

మావయ్యా,

అమ్మ ఇంకా ఇక్కడే ఉంది. కోప్పడకు, చివరిదాకా చదువు.

వచ్చిన మర్నాడే ఫ్యాక్టరీకి తీసుకెళ్లమంది. సూపర్వైజరమ్మ పక్కన స్టూలు వేసింది. అమ్మ మా చేతులే చూస్తూ కూచుంది. అరగంటయ్యాక, “ఆ కత్తి ఇలా ఇయ్యి” అంది నాతో. ఇచ్చాను. కప్పుని ఎడమచేత్తో తిప్పుతూ, గుడ్డ మీద కత్తెర నడిపినట్టే ఒక్క ఊపులో పైనుంచి కిందికి తీసేసింది. ఎక్కడా ఆగలేదు. సూపర్వైజరమ్మ ఆ కప్పు తీసుకుని వెలుతురులో పెట్టి చూసి, ఇంకొకటి ఇచ్చింది. తరవాత ఇంకొకటి. భోజనాల గంట కొట్టినా అమ్మ లేవలేదు.

“ఎన్నేళ్లు చేశారు ఈ పని?” అని అడిగింది సూపర్వైజరమ్మ. నేను తర్జుమా చేశాను. “ఇదే మొదటిసారి. ఇరవై రెండేళ్లు మిషను కుట్టాను, అదీ మా అన్నయ్య ముందుగదిలో” అంది అమ్మ. ఆవిడ నమ్మలేదు.

ఆ సాయంత్రం గదికి వస్తూ అమ్మ దారి మధ్యలో ఆగింది. “నాబోటి వాళ్లని తీసుకుంటారా ఇక్కడ?” అంది. హాస్యానికి అందనుకున్నాను. “నలభై ఏడేళ్లు పెద్ద వయసేం కాదు కదే. ఇంట్లో కూచుని కుడుతుంటే ఎదురుగా గోడ. ఇక్కడ పదిమంది ఉన్నారు. ఆ మాటలు నాకు అర్థం కాకపోయినా వినడానికి బాగున్నాయి” అంది. అమ్మకి బయటికెళ్లి పనిచేయాలని ఉండేదని నీకు తెలుసా మావయ్యా? నాకు తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

సోమవారం చేరింది. నాకు ఎదురుగా కూచుంటుంది. ఇప్పటికే పది మాటలు నేర్చుకుంది, అందులో నాలుగు తిట్లు. ఎవరు నేర్పారో కనుక్కుంటున్నాను.

నిన్న అమ్మ చేసిన మొదటి కప్పులు బట్టీలోంచి వచ్చాయి. నలభై. ఒక్కదాని మీదా గీత లేవలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం. అమ్మ చప్పట్లు పట్టించుకోలేదు. ఒక కప్పు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, బొటనవేలితో చుట్టూ తడుముతూ చాలాసేపు నిలబడింది. నేను దగ్గరికి వెళితే నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది.

“ఆ గీత ఎక్కడుండేదో నువ్వయినా చెప్పు” అంది. “నేనే చేశాను, నాకే దొరకడం లేదు.”

నీ మేనకోడలు